మేడిచెట్టు కింద స్కూటర్

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, భయాలు ఎక్కువ. హిందీ మాట్లాడే కార్ఖానాల ఊళ్లో, గోల్‌మురి పేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. పనివాళ్లు "సాబ్" అని పిలిస్తే నా వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూసేవాణ్ణి. అలాంటి నన్ను అదే ఊళ్లోని పర్సుడీహ్‌కి పెళ్లిచూపులకు పంపుతూ మా బావ తన స్కూటర్ ఇచ్చాడు. (తనకన్నా దాన్నే ఎక్కువ ముద్దుగా చూసుకునేవాడని అక్క ఇప్పటికీ అంటుంది.) తాళం చేతిలో పెడుతూ, "ఇంజన్ టుక్ టుక్ మన్నాదంటే ఎంటనే ఆపీరా. సీజైపోయిందనుకో, నువ్వు మాయింటికి రానక్కర్లేదు" అన్నాడు.

అమ్మను వెనక కూర్చోబెట్టుకుని, దారంతా ఆవిణ్ణి మాట్లాడనివ్వకుండా ఇంజను చప్పుడే వింటూ వెళ్లాను. ఏ టుక్కూ లేదు. పిల్ల ఇంటి ముందు మేడిచెట్టు నీడలో బండి ఆపి లోపల కూర్చున్నాం. పిల్ల తండ్రి క్రేన్ ఆపరేటరు, మాట పొదుపు మనిషి. ఆయన "ఏ డిపార్ట్‌మెంటు?" అని అడిగారో లేదో బయట మొదలైంది. టుక్, టుక్, టుక్. చిన్న సుత్తితో రేకు మీద కొడుతున్నట్టు, ఆగకుండా. బండి ఆపడం మరిచిపోయానా? తాళం జేబులోనే ఉంది. అయినా నమ్మకం చాలలేదు.

"బండోసారి సూసొత్తానండి" అని లేచాను. గుమ్మం దిగేసరికి నిశ్శబ్దం. తిరిగొచ్చి కూర్చున్నాను. పిల్ల టీ తెచ్చింది. మొహం చూద్దామని తలెత్తేలోపు మళ్లీ టుక్ టుక్. ఎవరో బండి విప్పుతున్నారనుకుని కప్పుతో సహా పరుగెత్తాను. ఎవరూ లేరు. సీటు మీద మాత్రం కొరికి పారేసిన మేడిపళ్లు, వాటితోపాటు రాయకూడనివి కొన్ని.

"ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదా?" అన్నారు పిల్ల తండ్రి.

"ఆడికి ఈమధ్య గేస్సండి" అంది అమ్మ, పరువు కాపాడదామని.

గ్యాస్ కన్నా నిజమే మేలనిపించి, "అది కాదండి, బండి టుక్ టుక్ మంటందండి" అన్నాను. అంతవరకు తల వంచుకున్న పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. వెనకే నేను. చెట్టులోకి వేలు చూపించి, "ఇంజన్ నహీ హై జీ, బసంతా హై. ఊపర్ దేఖియే" అంది.

చూశాను. బసంతా అంటే మన కంసాలి పిట్ట. పిడికెడు ఆకుపచ్చ శరీరం, నుదుట ఎర్రటి బొట్టు, పసుపు గొంతు, దాని కింద ఎర్రటి పట్టీ. పెళ్లిచూపులకు నాకన్నా అదే బాగా తయారై వచ్చింది. నోరు తెరవకుండా, గొంతు ఉబ్బించి, తల అటూ ఇటూ తిప్పుతూ టుక్ టుక్ మంటోంది.

తిరుగుదారిలో సంబంధం పోయిందనే అనుకున్నాం. మర్నాడు పిల్ల తండ్రే అమ్మకి ఫోన్ చేశారు. "మిసను కాడ ఉండాల్సినోడికి ఆపాటి బయ్యం ఉండాలమ్మా. పిల్లనడిగితే ఠీక్ హై అన్నాది" అన్నారట.

ఇప్పుడు మా కారు నిజంగానే టకటకలాడుతున్నా పాటల సౌండు కాస్త పెంచి వెళ్లిపోయే మనిషినయ్యాను. చేతిలో కప్పుతో, ఇన్‌షర్టుతో గుమ్మంలో చెవులు రిక్కించి నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం, భుజం మీద చెయ్యేసి, ముందా టీ తాగరా అనాలనిపిస్తుంది.