అక్క దగ్గర ఉంచి వెళ్లిన బిడ్డ

ఇథియోపియాలో నేను సుఖంగా ఉన్నాను. ముందు ఆ మాట చెప్పేస్తే నయం. అక్కడ నానా కష్టాలు పడ్డాననీ, బిడ్డ కోసం రోజూ ఏడ్చాననీ బంధువుల పెళ్లిళ్లలో చాలాసార్లు చెప్పాను. కొన్ని రోజులు ఏడ్చిన మాట నిజమే. తక్కిన రోజులు కడుపునిండా తిన్నాను, పాఠాలు చెప్పాను, నవ్వాను. ఆ నవ్విన రోజులే ఇప్పటికీ నన్ను పీడిస్తాయి.

డెబ్బైల చివర నేనూ మా ఆయనా జనగామలో పంతుళ్లం. ఆయన లెక్కలు, నేను సైన్సు. ఇథియోపియా బళ్లకు మన దేశం నుంచి టీచర్లను తీసుకునే రోజులవి. ఇద్దరికీ ఒకే ఊళ్లో ఉద్యోగం, ఇక్కడికంటే చాలా మంచి జీతం, రెండేళ్ల ఒప్పందం. మా పాపకు అప్పుడు మూడేళ్లు. అక్కడ పాలు దొరకవని ఒకరు, దవాఖానలు ఉండవని ఒకరు, విప్లవం వచ్చి వీధుల్లో తుపాకులు తిరుగుతున్నాయని ఇంకొకరు భయపెట్టారు. పాపను మానుకోటలో మా అక్క దగ్గర ఉంచాలని అనుకున్నాం. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం.

అక్కకు పిల్లల్లేరు. బావ ఉద్యోగం భూపాలపల్లి అడవుల వైపు. ఎప్పుడో వీలు దొరికినప్పుడు ఇంటికొచ్చేవాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నా చదువు ఆగినప్పుడు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఏడాది పోయిందన్న మంటతో అందరి మీదా ఎగిరిపడేదాన్ని. అక్క ఆ చిరాకంతా భరించి వేళకింత అన్నం పెట్టేది. అందుకే పాపను చూసుకోమని అడగడానికి నాకు మొహమాటం కూడా అనిపించలేదు.

"రెండేండ్లే గద చెల్లె. కండ్లు మూసి తెరిసేలోపల అయిపోతయి. పోయిరా," అంది అక్క.

రెండేళ్లు పెంచిన పిల్లను మళ్లీ ఇచ్చెయ్యడం ఆమెకెలా ఉంటుందో అన్నది నా బుర్రకు తట్టనే లేదు.

మేము వెళ్లిన ఊరు కొండల మీద ఉంది. పగలు ఎండ కాసినా సాయంత్రానికి స్వెట్టర్ వేసుకోవాల్సిందే. మొదటి రోజే నవ్వులపాలయ్యాం. బడి రెండు గంటలకని హెడ్మాస్టరు చెప్పాడు. భోజనం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, తీరిగ్గా వెళ్తే పిల్లలు సంచులు సర్దుకుని ఇళ్లకు పోతున్నారు. అక్కడ గంటల లెక్క తెల్లవారినప్పటి నుంచి మొదలవుతుందట. మన ఎనిమిది వాళ్లకు రెండు. మా ఆయన కూడా నా వెంటే వచ్చాడు కాబట్టి ఇంటికెళ్లాక ఒకరినొకరం ఏమీ అనుకోలేకపోయాం.

మా ఇంటి యజమానురాలు భర్త పోయిన మనిషి. ఆమె పిల్లల్లో చిన్నది మా పాప ఈడుది. పొద్దున్నే గేటు దగ్గర ఎదురుపడితే ఆమె పలకరింపు పెద్ద వరస. రాత్రి ఎలా గడిచింది, ఒంట్లో ఎలా ఉంది, ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు. అన్నిటికీ జవాబు ఒకటే: దేవుడి దయ, బాగున్నాం. మధ్యలో ఆగి ఆలోచిస్తే మర్యాద కాదు. మా పాప నాతో లేదని తెలిసీ ఆమె ఆ ప్రశ్న వదిలేది కాదు. నేనూ "బాగుంది" అనేదాన్ని. అలా అన్న ఒకానొక రోజున మా పాప మానుకోటలో తట్టుపోసి జ్వరంతో కాలిపోతూ ఉందట. అక్క దగ్గర్లోని కురవి గుళ్లో వీరన్నకు మొక్కుకుని, పిల్ల కోలుకున్నాక చంకనేసుకుని కాలినడకన వెళ్లి మొక్కు తీర్చుకుంది. నాకీ సంగతి అంతా అయిపోయాక తెలిసింది.

వాళ్ల పండుగకు ఆమె మమ్మల్ని భోజనానికి పిలిచింది. వెడల్పాటి పళ్లెంలో పుల్లట్టు లాంటి ఇంజెరా, దాని మీద పప్పూ కూరలూ, అందరి చేతులూ ఆ ఒక్క పళ్లెంలోనే. మా పుట్టింట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువ. మంచినీళ్ల చెంబు కూడా పెదవికి తగలకుండా ఎత్తి తాగాలి. అలాంటి ఇంట్లో పుట్టిన దాన్ని, ఆమె ముద్ద చుట్టి నా నోటి ముందు పెట్టేసరికి చటుక్కున తల వెనక్కి తీసుకున్నాను. ఆమె ఆ ముద్దను మెల్లగా పళ్లెంలో తన వైపు అంచున పెట్టేసుకుంది.

ఇష్టమైన మనిషికి నోట్లో ముద్ద పెట్టడం వాళ్ల ఆచారమనీ, దాన్ని కాదంటే పెట్టిన వాళ్ల మనసు చాలా నొచ్చుకుంటుందనీ మర్నాడు తోటి టీచరు చెప్పాడు. నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లి, మాటలు చేతకాక, ఆమె ఎదురుగా నోరు తెరిచి కూర్చున్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత ఒక ముద్దతో వదలలేదు, పెడుతూనే పోయింది.

మెల్లమెల్లగా నా చెయ్యి కూడా ఆ ఊరికి అలవాటుపడింది. సాయంత్రం పూట ఆమె చిన్నకూతురు మా వంటింట్లోకి వచ్చి కూర్చునేది. పప్పన్నం కలిపి దానికి ముద్దలు పెట్టేదాన్ని. దాని ఉంగరాల జుట్టును సన్నజడలుగా అల్లడం నేర్చుకున్నాను. అది నా ఒళ్లోనే నిద్రపోయేది, ఆ బరువు నాకు హాయిగా ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నా పాప గుర్తొచ్చి కళ్లు నిండేవని చెబితే వినేవాళ్లకు బాగుంటుంది. చాలా సాయంత్రాలు గుర్తురాలేదు. ఒప్పందం ఇంకో రెండేళ్లు పొడిగిస్తారా అని అడిగినప్పుడు మా ఆయన నా మొహం కేసి చూశాడు. సరేనన్నది నేనే.

అలా నాలుగేళ్లయ్యాక తిరిగొచ్చాం. జనగామలో సామాను దించి, పాపను తెచ్చుకోవడానికి నేను మానుకోట వెళ్లాను. గడపలో ముందుపళ్లు ఊడిన పొడుగాటి పిల్ల నిలబడి ఉంది. నన్ను చూసి లోపలికి కేకేసింది.

"అమ్మా! చిన్నమ్మొచ్చింది!"

అక్క తడిచేతులతో ఉరికొచ్చింది. "ఏందే గది? నీకెన్నిసార్లు జెప్పాలె? గామె అమ్మ. నేను పెద్దమ్మను," అని గద్దించింది. అక్కకు అలాంటి గొంతు ఉందని నాకు తెలియదు. నేను ఎగిరిపడిన ఆ ఏడాదంతా కూడా ఆమె ఒక్కసారి గట్టిగా మాట్లాడలేదు.

అన్నం వేళ నేను ముద్ద కలిపి పాప నోటి దగ్గర పెట్టాను. "నేనే తింట," అని మూతి తిప్పుకుంది. అక్క వైపు ఆశగా చూసింది. అక్క తల ఎత్తకుండా, "తింటే తిను, లేకుంటే లేసిపో," అంది.

మర్నాడు పొద్దున అక్క పెరట్లో గిన్నెలు తోముతుంటే పాప వెనక నుంచి వెళ్లి ఆమె మెడకు చేతులు చుట్టేసింది. అది రోజూ చేసే పనేనని చూస్తేనే తెలుస్తోంది. అక్క ఆ చేతులు విడదీసి, వీపు మీద ఒక్కటి వేసింది. పిల్ల ఏడవలేదు. బిత్తరపోయి చూసి లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లూ నా బిడ్డను ఇలాగే పెంచిందా అన్న పాడు అనుమానం కూడా వచ్చింది. "ఏందక్కా గిది? పసిపిల్లను గట్ల కొడ్తరా?" అని మీదికి వెళ్లాను.

అక్క బూడిద చేతులు అలాగే పెట్టుకుని కూర్చుంది.

"నెల సంది గిట్లనే జేస్తున్న చెల్లె. పక్కల పండనిస్తలేను. ముద్దలు వెడ్తలేను. నా మీద దాని మనసు ఇరగకపోతే నీ ఎంబడి వస్తదా? రైలు కాడ నన్ను పట్టుకొని ఏడిస్తే నేను ఇడిసిపెడ్తనా? నీ బిడ్డను నీకు అప్పజెప్పాలె గద."

నేనూ గచ్చు మీద ఆమె పక్కన కూర్చున్నాను. అమ్మ అని పిలిపించుకున్న మనిషి ఆ పిలుపును తన చేత్తో తానే కొట్టి తరుముతోంది, అదీ నా కోసం. "వద్దక్కా, ఇంకో ఏడాది నీ దగ్గరే ఉండనియ్యి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే అక్క ఒప్పుకుంటుందని తెలిసి అనలేదు.

స్టేషనుకు అక్క రాలేదు. పనుందని వాకిట్లోంచే లోపలికి వెళ్లిపోయింది. పాసింజరు బండిలో పాప కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. కాజీపేట దాటాక నా వైపు తిరిగింది.

"చిన్నమ్మా, నేనేం తప్పు జేసిన?"

"ఏం జెయ్యలే బిడ్డా."

"మరి అమ్మకు కోపమెందుకొచ్చింది? మంచిగ సదువుకుంటే పోతదా?"

ఎన్నో క్లాసుల పిల్లలకు అడిగినవీ అడగనివీ విడమరిచి చెప్పినదాన్ని. ఈ ఒక్కదానికి జవాబు నాకు పూర్తిగా తెలుసు. చెబితే ఆ పిల్ల గుండెలో భారం దిగిపోయేది. చెబితే వచ్చే స్టేషన్లో దిగి మానుకోటకు పోదామని కాళ్లకు చుట్టుకునేది. ఆ రెండోదానికే నేను భయపడ్డాను.

"పోతది," అన్నాను.

అది తలూపి మళ్లీ కిటికీ వైపు తిరిగింది. జనగామ దగ్గర పడుతుండగా దాహమేసినట్టుంది. నా పక్కనున్న మరచెంబును చూసింది, నన్ను చూసింది, కాసేపు తనలో తాను ఏదో కూడగట్టుకుంది.

"అమ్మా, నీళ్లు," అంది.

నాలుగేళ్ల తర్వాత విన్న పిలుపు. కానీ ఆ గొంతులో ప్రేమ లేదు. ఈ అమ్మకు కూడా కోపమొస్తే ఇంకెక్కడికి పంపేస్తారో అన్న భయం ఉంది.