కిటికీ గూట్లో అన్న కప్పు

దయ్యాల సినిమాలకు సెట్లు వేసి బతికినవాణ్ణి నేను. బూజు ఏ జిగురుతో చేస్తామో, కిటికీ రెక్కను ఏ దారంతో లాగుతామో తెలిసినవాడికి దయ్యాల మీద నమ్మకం ఎక్కడ కుదురుతుంది? ఇప్పటికీ కుదరలేదు. అయినా ఈ సంగతి కడుపులో దాచుకోలేకపోతున్నాను.

మా అన్న లొకేషన్ మేనేజర్. సినిమాలకు కావలసిన కొండలు, ఊళ్లు వెతికిపెట్టడం అతని పని. ఒక సినిమా కోసం ఇద్దరం హిమాలయాల్లో స్పితి లోయకు వెళ్లాం. చెట్టన్నది లేని బూడిదరంగు కొండలు, ఒక కొండ అంచున పాత బౌద్ధ మఠం, దాని కింద నాలుగిళ్ల ఊరు. చూడ్డానికి అందంగానే ఉంది కానీ నాకెందుకో దిగులేసింది. అన్నకు మాత్రం తెగ నచ్చేసింది. మేం దిగిన ఇంటి పెద్దావిడ డోల్మా బార్లీతో కాచిన సారా పోస్తుంటే, వద్దనడం మరిచిపోయి తాగాడు.

బయల్దేరేటప్పుడు ఆవిడ అన్న చెక్కకప్పును నిండా నింపి, తాగనివ్వకుండా కిటికీ గూట్లో పెట్టింది. వెళ్లేవాళ్లకు అలా నింపి ఉంచితే క్షేమంగా తిరిగొస్తారని వాళ్ల ఆచారమట. అన్న తన హైదరాబాద్ హిందీలో వస్తానని మాటిచ్చాడు.

"షూటింగ్‌కి వచ్చినప్పుడు తాగుత. దాన్ని ఎవ్వరినీ ముట్టనియ్యకుమని చెప్పిన" అన్నాడు నాతో, జీపెక్కుతూ.

ఆ వానాకాలమే జబ్బుపడ్డాడు. ఆస్పత్రి మంచం మీద కూడా "గాడికి ఎప్పుడు పోతున్నంరా?" అని అడిగేవాడు. పోలేకుండానే కన్నుమూశాడు. ఎవరికిచ్చిన మాటా తప్పని మనిషి. ఆ ఒక్క మాట మిగిలిపోయిందన్న బాధ నన్ను తినేసింది.

తర్వాత నిర్మాత అంత దూరం వద్దన్నారు. డోల్మా ఇంట్లో మేం దిగిన గదినే ఫిల్మ్ నగర్‌లో సెట్‌గా వేశాను. కిటికీ గూట్లో అలాంటి కప్పే పెట్టి, సారాకు బదులు నీళ్లు నింపాను. కథలో దానికి పనేం లేదు. అన్న కోసం పెట్టాను.

షూటింగ్‌లో ఒక మధ్యాహ్నం కప్పును క్లోజప్‌లో తీశారు. నిండుగా ఉంది. తర్వాతి షాట్‌కి చూస్తే ఖాళీ. షాట్‌కీ షాట్‌కీ తేడా రాకుండా కంటిన్యుటీ చూసే అమ్మాయికి తిట్లు పడ్డాయి. కిటికీ వైపు ఎవరూ రాలేదని అందరూ చెప్పారు. కారిందేమోనని గూడు తడిమి చూశాను. పొడిగా ఉంది.

సాయంత్రం డోల్మా ఫోన్ చేసింది. అన్న నంబర్ మోగడం లేదట. అతను పోయిన సంగతి ఆవిడకు చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నం మీ అన్న వచ్చాడు, బాగా చిక్కిపోయాడు, కప్పు ఖాళీ చేశాడు, భోజనానికి ఆగమన్నా ఆగలేదు అని చెప్పింది. ఆవిడ ముసలిది, ఇంకెవరినో చూసి పొరబడి ఉండొచ్చు. మరి నా సెట్‌లో నీళ్లు ఏమయ్యాయి?

"ఇంటికి క్షేమంగా చేరాడా?" అని అడిగింది చివరికి.

"చేరాడమ్మా" అన్నాను. అది అబద్ధమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.