చాచీ కట్టిన దారం

పోయిన శుక్రవారం పొద్దున నేను వికారాబాద్ హాస్టల్లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "చాచీ పోయింది బిడ్డా" అని పెట్టేసింది. నేను తాండూరు బస్సెక్కాను.

మా పక్కింటి ముస్లిం చాచీని మీరు ఎరగరు. తాండూరు బజారులో బ్రష్షులు, పళ్లపొడి టోకున తెచ్చి, మా ఊళ్లో కూలికి పోయే ఆడవాళ్లకు ఇంచుమించు కొన్న ధరకే అమ్మేది. కందిచేలకు పోయే ఆటో ఆగేచోట ఒక రాయి మీద కూర్చునేది. డబ్బా మొత్తం కొనే స్తోమత ఎవరికుంటుందని పొడిని చిన్న చిన్న పొట్లాలు కట్టేది.

మా అమ్మ కూలికి పోయేదీ ఆ ఆటోలోనే. కాల్చిన పొగాకు పొడితో పళ్లు తోముకునేది. చిగుళ్ల నుంచి రక్తం కారేది. జొన్నరొట్టె నమలలేక చారులో నానేసి మింగేది. ఇంటికొచ్చినప్పుడల్లా నేనొక బ్రష్ తెచ్చేదాన్ని, దాంతోపాటు ఒక ఉపన్యాసం.

ఒకరోజు చాచీ మా ఇంట్లో ఉండగా ట్రంకుపెట్టె తెరిచాను. నేను తెచ్చిన బ్రష్షులన్నీ ప్యాకెట్లు విప్పకుండా ఉన్నాయి.

"గవి నీకే దాచిన. కాలేజీకి పోయేదానివి" అంది అమ్మ. నేను అరిచాను.

"జర ఆగు బిడ్డా. మస్తు చదివినవ్ గని అమ్మల సంగతి ఎరుక లేదు నీకు" అంది చాచీ. ఒక ప్యాకెట్ చింపి, బ్రష్‌ను చెంబులో ముంచింది. అమ్మ పసుపుపచ్చ చీర కొంగు నుంచి ఒక పోగు లాగి దాని పిడికి కట్టింది. "ఇది నీదని గుర్తు. నోట్ల పెట్టుకో చెల్లే. ఆఁ! ఇగ ఎంగిలైంది. నీ బిడ్డకు గూడ ఇయ్యలేవ్."

"నోట్ల చీపురు పెట్టినట్టున్నది ఆపా!" అంది అమ్మ. చాచీని అక్క వరసలో అలాగే పిలిచేది.

"ఊడువు మరి. ఎన్నేండ్ల చెత్తనో!"

ఆ తర్వాత చాచీ ఎవరికీ విప్పని బ్రష్ అమ్మలేదు. తడిపి, వాళ్ల చీర పోగే కట్టి ఇచ్చేది. "మా కొంగులు ఖరాబ్ చేస్తున్నది" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఊడిన పళ్లు అమ్మకు తిరిగి రాలేదు. ఉన్నవి మాత్రం నిలిచాయి. మళ్లీ రొట్టె నమిలిన రోజు మొదటి ముక్క చాచీ ఎదురుగానే తిన్నది.

చాచీని సాగనంపిన మర్నాడు అమ్మతో పాటు ఆటో దాకా వెళ్లాను. రాయి ఖాళీగా ఉంది. కొత్తగా పనికొచ్చిన ఒకామె, "బ్రష్‌లమ్మే ఆమె రాలేదా?" అని అడిగింది.

అమ్మ సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసింది. నేను తెచ్చినవాటిలో చివరిది. చింపింది, తాగడానికి తెచ్చుకున్న చెంబునీళ్లలో ముంచింది, ఆ కొత్తామె కొంగు నుంచి ఎర్ర పోగొకటి లాగింది. అమ్మ ముడి వేస్తున్నంతసేపూ, బ్రష్ కుచ్చు నుంచి నీళ్లు ఒక్కో చుక్కా చాచీ కూర్చునే రాయి మీద పడుతున్నాయి.