ఒకే జబ్బుకు రెండు మార్కులు

2004 జూన్ 14, సోమవారం, ఉదయం ఆరూ పది. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. కట్టేయాలని తెలుసు, చెయ్యి లేవలేదు. అప్పుడు నాకు అరవై ఆరేళ్లు. లెక్కల టీచరుగా రిటైరయ్యాక అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక వీధిలో, సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చే అమ్మాయిలకు హాస్టల్ నడిపేదాన్ని.

వంట చేసే రజియా పరుగున వచ్చి స్టవ్ ఆపింది. "ఏమైందమ్మా? పాలన్నీ పాయె!" అంది. నాకు అయ్యో అని కూడా అనిపించలేదు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, బి12, షుగర్ అన్నీ నార్మల్. పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ గంటసేపు కూర్చుని, నన్నూ రజియానూ విడివిడిగా అడిగి, జబ్బు ఎంత ముదిరితే అన్ని ఎక్కువ మార్కులు పడే రేటింగ్ స్కేల్ నింపారు. స్కోరు ఇరవై నాలుగు. "సివియర్ డిప్రెషన్. టాబ్లెట్లు మధ్యలో తగ్గించొద్దు" అన్నారు.

ఆరు వారాలకు రివ్యూ. అప్పటికి నేను స్నానం కూడా మానేశాను. ఆ రోజు రజియానే తలంటి, జడ వేసి, గంజి పెట్టిన చీర ఇస్త్రీ చేసి కట్టింది.

"ఆసుపత్రికే కదే, పెళ్లిచూపులకా?" అన్నాను.

"నిన్ను గిట్ల తీస్కపోతే నన్నే తిడతరు. జర చెయ్యి లేపు."

పెద్ద డాక్టరమ్మ సెలవు. కొత్తగా వచ్చిన డాక్టరు గారు రజియాను బయటే కూర్చోమని, నన్ను ఐదు నిమిషాలు చూశారు. తేదీలు అడిగితే తడుముకోకుండా చెప్పాను. "ఎలా ఉన్నారమ్మా?" అంటే, ఎవరడిగినా నోటికొచ్చే మాటే, "బాగానే ఉన్నానండి" అన్నాను. స్కోరు తొమ్మిది.

"నీట్‌గా ఉన్నారు, మెమరీ బాగుంది. డోస్ సగం చేద్దాం."

"నాకేం తేడా తెలియడం లేదండి."

"మీకు తెలియదు లెండి. స్కోరు చెబుతోంది కదా."

ఆయన మార్కులు వేసింది రజియా ఇస్త్రీకి.

నెల తిరక్కుండానే మంచం పట్టాను. తిండి మానేస్తే అడ్మిట్ చేశారు. పెద్ద డాక్టరమ్మ రెండు స్కోరు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "మేమిద్దరం ఒకే పేషెంట్‌ను రేట్ చేసి పోల్చుకోవాల్సింది. ఎప్పుడూ చేయలేదు" అన్నారు. మళ్లీ ఫుల్ డోస్. ఈసారి అది పనిచేయలేదు. తర్వాత మార్చిన మందులూ అంతే.

నాకిప్పుడు డెబ్బై. శ్రీనగర్ కాలనీలో చెల్లెలి ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాను. బాగవుతానని ఎవరూ అనడం లేదు, నేనూ అడగడం లేదు. మీకు చెప్పగలిగింది ఒకటే. రివ్యూకు ఇంట్లో ఎలా ఉంటారో అలాగే వెళ్లండి. మిమ్మల్ని రోజూ చూసే మనిషిని లోపలికి తీసుకెళ్లి, ఆ మనిషినీ అడగమనండి.

పోయినవి: హాస్టల్. అందులోని పద్దెనిమిది మంది అమ్మాయిల సందడి. బంజారా హిల్స్‌లో వేరే ఇంట్లో పనికి కుదిరిన రజియా. నాలుగేళ్లు. అన్నం రుచి. పొద్దున లేవాలన్న కోరిక.