ప్రభువా, నా నోరు మూయకు

ప్రియ సహోదరులారా, నా గురించి మన సంఘంలో ఒక సాక్ష్యం తిరుగుతోంది, అది నేను చెప్పింది కాదు. నాంపల్లి ఆఫీసులో టైపిస్టు సుగుణమ్మకు కోపపు దయ్యం పట్టిందట, ఉపవాస కూటంలో పెద్దలు తలమీద చేతులుంచగానే అది ఆమెను నేలకు కొట్టి పారిపోయిందట, అప్పట్నుంచి ఆమె మెత్తబడిందట! కింద పడ్డ మాట నిజం. తక్కినదంతా తప్పు. మెత్తబడ్డానన్నది మరీ తప్పు.

నా చీకటి రోజులు ఎలాంటివో నన్నే చెప్పనివ్వండి. మా ఆఫీసు నిండా మగవాళ్లు, ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ, నా పక్క బల్ల దగ్గర కూర్చునే సకీనా బేగమూ. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఆడది కూడా జీతానికి వచ్చి కూర్చుంటుందని ఆ భవనం కట్టినవాళ్లు కలలోనైనా అనుకోలేదు కాబోలు! ఆఫీసరు గారికి ఒకటుంది, దానికి తాళం, తాళంచెవి సూపరింటెండెంటు గారి దగ్గర. అందుకని మేం కనిపెట్టిన ఉపాయం నీళ్లు మానెయ్యడం. పొద్దున అర గ్లాసు కాఫీ, మళ్లీ సాయంత్రం చాదర్‌ఘాట్‌లో ఇల్లు చేరాకే నీటి చుక్క, ఎండాకాలంలోనూ అంతే. దీనికి మేం ఓర్పు అని పేరు పెట్టుకున్నాం, నేనైతే కాస్త భక్తి కూడా కలిపాను!

ఒళ్లు ఊరుకుంటుందా? మూత్రంలో మంట, చలిజ్వరం, నడుంనొప్పి మొదలయ్యాయి. అంతకంటే ఘోరం మనసు. అబిడ్స్‌లో బస్సు దిగగానే గుండె దడదడలాడేది, కూర్చుంటే లేవాలని, లేస్తే పారిపోవాలని, టైపు కొడుతుంటే ఊరికే కన్నీళ్లు, ఇంటికొస్తే పిల్లల మీద అరుపులు, పడుకుంటే నిద్ర రాదు. దవాఖానలో డాక్టరమ్మ మాత్రలిచ్చి, "నీళ్లు బాగా తాగాలమ్మా" అంది. "తాగి ఎక్కడికి పోవాలండీ?" అన్నాను. దానికి ఆమె దగ్గర మందు లేదు. ఇక ఉద్యోగం వదులుకోవాలి, లేదా ప్రాణం వదులుకోవాలి, అంతవరకూ వచ్చింది.

సంఘంలో చెప్పుకుంటే ఒక పెద్దమ్మ, "జబ్బంతా నీ నోట్లోనే ఉంది సుగుణమ్మా, శుక్రవారం ఉపవాసముండి కూటానికి రా" అన్నారు. ఎండిపోయిన మనిషికి ఇంకో ఉపవాసం! వెళ్లాను. "ఈ సహోదరి నాలుకను పట్టుకున్న దురాత్మా, పో!" అని పెద్దలు ప్రార్థిస్తుంటే కళ్లు చీకట్లు కమ్మి కూలిపోయాను. ఎవరో నీళ్లు తాగించారు. లేచి కూర్చున్నాను. హల్లెలూయా అన్నారు. నేను ఇంకో గ్లాసు అడిగాను. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు!

ఆ రెండో గ్లాసు తాగుతుండగా దేవుడు నా కళ్లు తెరిచాడు. బైబిల్లో, ఎడారిలో దాహంతో అల్లాడే బిడ్డతో ఏడుస్తున్న దాసికి ఆయన చూపించింది ప్రసంగమా? నీళ్ల బావి!

సోమవారం ఆఫీసులో టైపు మిషను మీద తల వాల్చి ఇలా ప్రార్థించాను: "తండ్రీ, నా నోరు మూయమని వీళ్లు నిన్ను అడుగుతున్నారు. వినకు. నాకది ఇవాళ కావాలి. ఈ ఒళ్లు చేసింది నువ్వే, దాని అక్కర నీకు తెలుసు, ఆ సూపరింటెండెంటుకు తెలిసేలా చెప్పే మాట నాకియ్యి."

పక్కనుంచి సకీనా ఆమీన్ అంది. "ఏమడిగినవ్ అక్కా?"

"తాళంచెవి."

"యా అల్లా! నడువ్, నేను గూడ వస్త."

సూపరింటెండెంటు గారు పాత హైదరాబాదు పెద్దమనిషి, నేను విషయం చెప్పేసరికి చెవులదాకా ఎర్రబడ్డారు. "ఏందమ్మా గిది! గిట్లాంటి మాటలు నలుగుర్ల మాట్లాడుతరా?"

"నలుగురిలో మాట్లాడకపోతే నలుగురిలో పడిపోతాను సార్, అప్పుడు మీరే మొయ్యాలి."

"గది ఆఫీసరు సాబ్‌ది."

"ఆయన క్యాంపుకెళ్లినా తాళం తియ్యరే, లోపల ఏం దాచారు సార్?"

గుమాస్తాలు కిసుక్కుమన్నారు. సకీనా ముందుకొచ్చి, "సాబ్, మీ బిడ్డ గూడ కాలేజీల సదువుతున్నదంట గద. రేపు గామె నౌకరీకొస్తే ఏం జేస్తరు? జర సోచాయించున్రి" అంది. ఆయన ఫైలు మూసి సొరుగు లాగారు. తర్వాత తాళంచెవి బల్ల మీద పెట్టి, "మీ దగ్గర్నే ఉంచుకోన్రి" అన్నారు, తలెత్తకుండానే.

మర్నాడు సకీనా ఒక మట్టి కూజా తెచ్చింది. ఆఫీసులో కూర్చుని నేను తాగిన మొదటి నీళ్లు అవే, సహోదరులారా, ఏ ద్రాక్షారసం వాటికి సాటి! క్రమంగా జ్వరాలు పోయాయి, ఆ తర్వాత చాన్నాళ్లకు గుండెదడ, ఆఖరున భయం. నోరు మాత్రం అలాగే ఉంది. నన్ను దేవుడు నా నోటి నుంచి విడిపించలేదు, నా నోటితోనే విడిపించాడు. దేవునికే మహిమ!

పనికి వెళ్లే సహోదరీ, ఒంటిని ఎండగట్టడం భక్తి అనుకోకు. దాన్ని చేసినవాణ్ణి నమ్ము, ఆయన్ను అడుగు, ఆయన నీ నోటికి మాట ఇస్తే లేచి మనుషులనూ అడుగు.

ఇక మన పెద్దలకు ఒక్క మాట. వచ్చే నెల మన ఆవరణలో మహాసభలు. మెదక్ వైపు నుంచి అక్కచెల్లెళ్లు వచ్చి పొద్దంతా పందిట్లో కూర్చుంటారు. పందిరికి కమిటీ వేశారు, మైకులకు వేశారు, ప్రసంగీకుల బసకు వేశారు. ఇదివరకే అడిగాను, జవాబు రాలేదు, మళ్లీ అడుగుతున్నాను: ఆ ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?