ముందు బ్రేకు నేర్చుకున్న వేసవి

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఆదివారం పొద్దున మొదటి బస్సు బయల్దేరేసరికే మా గోడౌన్‌లో షిఫ్టు మొదలైపోయేది. మిగతా రోజులు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. ఆదివారం షిఫ్టుకు మాత్రం, కారున్న తోటి స్టూడెంట్లు ఎవరైనా అటు వెళ్తున్నారా అని శనివారం నుంచే వాకబు చేయాల్సి వచ్చేది. ఆ ఏడాది మనవాళ్లతో కాలేజీలూ బేస్‌మెంట్లూ బస్‌స్టాపులూ కిటకిటలాడుతున్నాయి. ఒక్కో కారుకు ఆరుగురు ఆశపడేవాళ్లు. అలా అడుక్కోవడం నాకు చేతకాలేదు. ఇంటర్ చదివే రోజుల నుంచీ నా దారిన నేను బండి మీద తిరిగినదాన్ని.

కెనడా రాకముందు జనగామ చుట్టుపక్కల ఒక విత్తనాల కంపెనీకి ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేశాను. అగ్రికల్చర్ బీఎస్సీ అయిన వెంటనే దొరికిన ఉద్యోగం అది. మొక్కజొన్న విత్తనం పండించే రైతుల పొలాలు చూసి రావడం నా పని. ఆడ వరసల్లో మొక్కల కొసన వచ్చే జల్లు పుప్పొడి రాల్చకముందే పీకేశారా లేదా అని ఒక్కో సాలూ నడిచి చూసి, మళ్లీ ఇంకో ఊరికి పోవాలి. కాలువ గట్లు, బండ్ల బాటలు, వడ్లు ఆరబోసిన తారురోడ్లు. వాటి మీద స్కూటీ పనికిరాదు. నాన్న పాత మోటార్‌సైకిలే వేసుకుపోయేదాన్ని. మొదట్లో ఆడపిల్ల గేర్ల బండి మీద వచ్చిందని వింతగా చూసిన రైతులే, తర్వాత తర్వాత చప్పుడు విని మేడమ్ వచ్చిందని గట్టు మీదికి వచ్చేవాళ్లు.

ఇక్కడ మాత్రం అందరిలాగే సీటు దొరికిన కోర్సులో చేరాను. సప్లై చైన్. సాయంత్రాలు, వారాంతాలు గోడౌన్‌లో పెట్టెలకు స్టిక్కర్లు అంటించేదాన్ని.

నేనుండే బేస్‌మెంట్ ఒక తెలుగువాళ్ల ఇంటిది. అంకుల్ గుంటూరాయన, అమెరికాలో చాలాకాలం ఉండి ఇటు వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. ఆంటీది అనంతపురం, ఒక మందుల షాపులో పని. వాళ్లబ్బాయి వేరే ఊళ్లో చదువుకుంటున్నాడు. అప్పుడప్పుడు పైకి భోజనానికి పిలిచేవాళ్లు. అలా పిలిచిన ఒకరోజు, మోటార్‌సైకిల్ కొనుక్కుందామనుకుంటున్నానని చెప్పాను.

అంకుల్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “ఇక్కడ బైకంటే సరదా వస్తువమ్మా. ఆరు నెలలు మంచు. రేపేదన్నా అయితే మీ నాన్నగారికి నేనేం చెప్పాలి?”

“మంచు పడ్డప్పుడు బస్సులనే పోత అంకుల్. మిగతా ఆరు నెలలు ఉన్నయ్ కదా” అన్నాను.

ఆయన అమెరికాలో తన ఆఫీసు కుర్రాడికి జరిగిన యాక్సిడెంట్ గురించి చాలాసేపు చెప్పారు. ఆంటీ పెరుగు వడ్డిస్తూ అంతా విని, పరీక్షకు ఎప్పుడు పోతావని మాత్రం అడిగింది.

లైసెన్సు ఆఫీసు కౌంటర్లో ఉన్నామె నా ఇండియా కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ కార్డు ఇచ్చిన ఆఫీసు నుంచి ఉత్తరం తెస్తే పాత అనుభవాన్ని పరిశీలిస్తామంది. ఆ ఉత్తరం కోసం తిరిగేలోపు వేసవి అయిపోతుందని నాకు తెలుసు. మొదటి నుంచే మొదలుపెడతానన్నాను. కళ్ల పరీక్ష, రాత పరీక్ష రెండూ అక్కడే అయిపోయాయి. చేతికి వచ్చింది ఎమ్‌వన్, మన ఎల్.ఎల్.ఆర్. లాంటిది. చీకటి పడ్డాక నడపకూడదు, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, పెద్ద హైవేలు ఎక్కకూడదు. గడువులోగా నడిపి చూపించి ఎమ్‌టూ తెచ్చుకోవాలి. ఫోన్‌లో చెప్తే నాన్న నవ్వాడు. ఇన్నేళ్లు నడిపినంక మళ్లా ఎల్.ఎల్.ఆరా అని.

నేనూ నవ్వాను. ఎమ్‌టూ నాకొక లెక్కే కాదనుకున్నాను.

ఊరి చివర ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో శని, ఆదివారాలు ట్రైనింగ్ కోర్సు. బండ్లు వాళ్లే ఇస్తారు, ఎమ్‌టూ పరీక్షా వాళ్లే పెడతారు. అంత పొద్దున్నే అటు బస్సు లేదు కాబట్టి ఆంటీ తన కారులో దింపింది. దింపి పోలేదు. సీటు వెనక్కి వాల్చుకుని, ఫ్లాస్కులోంచి టీ తాగుతూ అక్కడే కూర్చుంది. మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే బయటి దేశం మనిషిని. మిగతావాళ్లు ఎత్తుగా, తోలు జాకెట్లలో ఉన్నారు. మాస్టారు సన్నగా పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో ఉన్న రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్.

నిదానంగా నడిపే పరీక్షలో మిగతా అందరూ కాలు కింద పెట్టేశారు. కోన్ల మధ్య నుంచి నడక వేగంతో వంకరటింకరగా పోవాలి. నాకది జనగామ అంగడి రోజుతో సమానం. మేకలు, కూరగాయల గంపలు, ఎదురుగా ఆటో. కాలు దించకుండా పోవడం అక్కడే వచ్చింది. నేను వెళ్లొస్తుంటే మాస్టారు మిగతావాళ్లను ఆపి చూడమన్నారు. ఆ మధ్యాహ్నమంతా నా నడకే మారిపోయింది.

మరునాడు బ్రేకు పరీక్ష. వేగంగా వచ్చి, ఆయన చెయ్యి ఎత్తగానే గీతలోపల ఆగాలి. నేను గీత దాటి చాలా దూరం పోయాను. వెనక చక్రం కీచుమంటూ పక్కకు జారింది. రెండోసారీ అంతే. మాస్టారు దగ్గరికొచ్చి వంగి, నా కుడిచేతి వేళ్లను చూశారు. అవి ముందు బ్రేకు మీద లేనే లేవు.

“ఇది ఎందుకు పట్టుకోవు?” అని అడిగారు.

“పడిపోతాం కాబట్టి” అన్నాను.

నిజంగానే అలా అనుకునేదాన్ని. మట్టి బాటల మీద, వడ్ల మీద ముందు బ్రేకు పట్టినవాడు హ్యాండిల్ మీంచి ఎగిరిపడటం నేను చూశాను. నాన్న నాకు బండి నేర్పినప్పుడు చెప్పిన మొదటి మాట కూడా అదే, ముందు బ్రేకు జోలికి పోవద్దని. మాస్టారు ఆ మాటను కొట్టిపారేయలేదు. నీ రోడ్డుకు అది సరైనదే, తారురోడ్డు మీద ఆగే బలమంతా ముందు చక్రంలోనే ఉంటుంది అన్నారు. కానీ మార్కులు వేయలేదు. ఫెయిల్. తోలు జాకెట్లవాళ్లందరూ పాసై నా భుజం తట్టి వెళ్లారు.

కారెక్కి తలుపు గట్టిగా వేశాను. కోపం మాస్టారి మీద కాదు, నా చెయ్యి నా మాట విననందుకు. వచ్చే ఆదివారం ఇంకో బ్యాచ్‌తో పాటు వచ్చి మళ్లీ నడిపి చూపించొచ్చని ఆయన చెప్పారు. ఈలోపు నా దగ్గర బండి లేదు. ఎక్కడ నేర్చుకోవాలి?

ఇంటికొచ్చాక ఆంటీ గరాజ్ తెరిచి, వాళ్లబ్బాయి సైకిల్ బయటికి తీసింది. “దీనికీ ముందర బ్రేకే కదా. దీని మీద నేర్చుకో. ఆయప్ప ఏమన్నాడు, పిండమన్నాడా, గుంజమన్నాడా?”

“పిండమన్నడు ఆంటీ.”

“అయితే నిమ్మకాయ పిండినట్ల పిండు. ఒక్కసారే నలిపేస్తే గింజలన్నీ పడతాయి.”

ఆ వారమంతా కాలేజీ నుంచి రాగానే మా వీధిలో సైకిల్ తొక్కాను. వీధి చివర ఆంటీ చెయ్యి ఎత్తుతుంది, నేను ఆగాలి. మొదటిరోజు, సైకిల్‌కు లేని కాలి బ్రేకు కోసం నా కాలు గాల్లో వెతుక్కుంది. రెండుసార్లు గట్టిగా నొక్కి గడ్డిలో పడ్డాను కూడా. ఎదురింటి ముసలాయన వరండాలో కుర్చీ వేసుకుని చూసేవాడు. కొన్ని సాయంత్రాలు గడిచాక, ఆంటీ చెయ్యి పూర్తిగా లేవకముందే నా వేళ్లు దగ్గరపడటం మొదలుపెట్టాయి. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియలేదు.

ఆ ఆదివారం గీతకు చాలా ఇవతలే ఆగాను. మాస్టారు ఇంకోసారి చేయించి, సరిపోయిందన్నట్టు తలూపారు. షిఫ్టుకు రాలేదని సూపర్‌వైజరు సణిగాడు. నేను పట్టించుకోలేదు.

ఎమ్‌టూ చేతికి వచ్చేసరికి జులై. బండి కోసం వెతికితే ఊరి బయట పొలాల మధ్య ఒకామె పాత బండి అమ్ముతోందని తెలిసింది. ఆంటీ, నేను వెళ్లాం. అరవై ఏళ్లకు దగ్గర్లో ఉన్న మనిషి, మోకాలికి ఆపరేషనైంది, ఇక బండి నడపలేనంది. రైతుల పొలాలు చూసి, ఏ మందు వేయాలో ఎంత ఎరువు వేయాలో చెప్పడం ఆమె వృత్తి. ఇంటి నుంచి రోడ్డు దాకా పొడుగాటి గులకరాళ్ల బాట ఉంది. అంతకుముందు చూడటానికి వచ్చినవాళ్లు ఆ రాళ్ల మీద నడపడానికి భయపడ్డారట. నేను ఎక్కి, చివరిదాకా పోయి, తిరిగి వచ్చాను. అక్కడ ముందు బ్రేకు ముట్టుకోలేదు. ఏ రోడ్డు మీద ఏది పట్టాలో నా చేతికిప్పుడు తెలుసు.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. చెప్పాను. విత్తన పొలాల సంగతి వచ్చేసరికి ఆమె బండిని వదిలేసి పంట గురించి అడగడం మొదలుపెట్టింది. బాట పక్కనే ఆమె తమ్ముడి మొక్కజొన్న. నాకు చాలాసేపటి నుంచి చూపు అటే పోతోంది. కింది ఆకులు కొన నుంచి నడి ఈనె వెంట పసుపు తిరిగాయి.

“వీటికి నత్రజని చాలడం లేదు కదా?” అన్నాను.

ఆమె నవ్వింది. ఆ మాట తమ్ముడికి తాను చెప్పి రెండు వారాలైందని, వినడం లేదని చెప్పింది. తర్వాత నన్ను తలనుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, “నువ్వు ఇప్పుడు ఏం పని చేస్తున్నావు?” అని అడిగింది.

“పెట్టెలకు స్టిక్కర్లు అంటిస్తున్నాను.”

“ఈ వేసవికి పొలాలు తిరిగే మనిషి నాకు కావాలి. బస్సులు రాని ఊళ్లని ఎవరూ రావడం లేదు. నీకు బండి ఉంది.”

“ఇంకా కొనలేదు” అన్నాను.

“కొన్నావనుకో” అంది ఆమె.

మెకానిక్ చూసి బండి రోడ్డుకు పనికొస్తుందని కాగితం ఇచ్చాడు. ఇన్సూరెన్స్ కోసమే కాస్త తిరగాల్సి వచ్చింది. బయటి దేశం స్టూడెంటు, కొత్త లైసెన్సు, పైగా మోటార్‌సైకిల్ అనగానే ఫోన్లు పెట్టేసినవాళ్లున్నారు. చివరికి ఒకామె ఓపిగ్గా అన్నీ అడిగి ఇచ్చింది. నా పేరున నంబరు ప్లేటు వచ్చిన రోజు, దాన్ని బ్యాగులో పెట్టుకుని ఆ పొలానికి వెళ్లి, నా చేత్తో బిగించి, బండి మీద ఇంటికొచ్చాను. రెండు పక్కలా మొక్కజొన్న, సోయా. ఈ దేశంలో దిగాక పంట వాసన అంత దగ్గరగా తగలడం అదే మొదలు. దారిలో రెండుసార్లు ఊరికే ఆగాను.

కాలేజీ సెలవులు కాబట్టి ఆ నెలన్నర పొద్దున్నే బండి తీసి పొలాలు తిరిగాను. ఆకుల వెనక పురుగులు వెతకడం, ఫొటోలు తీయడం, సాయంత్రం ఆమెకు చెప్పడం. కొందరు రైతులు ముందు నన్ను దారి తప్పిన డెలివరీ మనిషి అనుకున్నారు. వరసలో నాలుగు అడుగులు నా వెంట నడిస్తే ఆ అనుమానం పోయేది. మరుసటి వేసవికి కూడా రమ్మని ఆమె ఆగస్టులోనే చెప్పేసింది. గోడౌన్‌లో ఆదివారం షిఫ్టు ఇంకొకరికి ఇచ్చేశాను.

నవంబర్‌లో బండిని గరాజ్‌లో పెట్టాలంటే అంకుల్‌ను అడగాల్సి వచ్చింది. ఆయన ఒప్పుకోరనుకున్నాను. ఆయనే తన కారును ఒక పక్కకు జరిపి చోటు చేశారు. బ్యాటరీ ఊడదీసి లోపల పెట్టకపోతే చలికి చచ్చిపోతుందని వీడియోలు చూసి నాకే చెప్పారు. చలికాలమంతా పాత దుప్పటి కప్పి ఉంచారు. కాలేజీ రోజుల్లో గుంటూరులో తనకూ ఒక బండి ఉండేదని, దాని మీద సూర్యలంక బీచ్‌కు పోయేవాళ్లమని అప్పుడు బయటపెట్టారు.

మే నెలలో ఒక శనివారం ఆంటీ తయారై కిందికి వచ్చింది. జీన్స్, మందపాటి జాకెట్టు. కొప్పుంటే హెల్మెట్ ఎక్కడం లేదని విప్పి జడ వేసుకుంది. మా ఊరికి కొంచెం ఎగువన, కార్లు వాడని మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులు గుర్రపుబండ్లలో వచ్చే సంత ఉంది. అక్కడికి తీసుకుపొమ్మంది. అప్పటికి వెనక మనిషిని ఎక్కించుకునే హక్కు నాకు వచ్చింది కానీ, ఇక్కడ ఎవరినీ ఎక్కించుకోలేదు. అంకుల్ వద్దనలేదు. తాళాలు తీసుకుని, మీ వెనక కారులో వస్తానన్నారు.

మొదటి మలుపు దాకా ఆంటీ నా నడుం చుట్టూ చేతులు బిగించి పట్టుకుంది. పల్లె రోడ్డు ఎక్కాక చేతులు వదులయ్యాయి. దున్నిన నేలలు, అక్కడక్కడ మొలక. ఒక గుర్రపుబండి ఎదురొచ్చింది. గుర్రం బెదరకుండా వేగం తగ్గించి పక్కకు తీశాను. బండిలోని ఆడమనిషి చెయ్యి ఊపితే ఆంటీ కూడా ఒక చెయ్యి ఊపింది.

“ఇంకొంచెం పోనీ” అంది నా చెవి దగ్గర.

అద్దంలో చూశాను. అంకుల్ కారు చాలా వెనక, గుర్రపుబండి పోవడానికి దారి ఇస్తూ ఆగి ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. గేరు మార్చి, పోనిచ్చాను.