ఏటవాలుగా పట్టిన పటం

అణువిద్యుత్ కేంద్రానికి ఏ నేల పనికొస్తుందో ఉపగ్రహ చిత్రాల్లో వెతకడం నా ఎం.టెక్ ప్రాజెక్టు. తిరుపతిలో నాలుగు నెలలు కంప్యూటర్‌కు కళ్లప్పగించి, చిత్తూరు వైపు ఒక మెట్ట నేలను తేల్చాను. నీటి వసతి, ఊళ్ల దూరం అన్నీ కుదిరాయి. భూమి లోపలి రాతిలో బీట ఉంటే మాత్రం, అది కదిలి భూకంపం రావచ్చు కనక ఆ చోటు పనికిరాదు. బీట లేదని రాసేశాను. సోమవారం సార్‌కి రిపోర్టు ఇవ్వాలి. ఈలోగా గొప్ప చూపించుకుందామని చిత్రాన్ని పెద్ద షీటు మీద ప్రింటు తీయించి, నగరిలో మా ఇంటికి పట్టుకుపోయాను.

నాయన మగ్గం నుంచి అప్పుడే కోసిన చీరను గడప దగ్గర చూస్తున్నాడు. ఆయన చీరను ఎదురుగా పెట్టుకుని చూడడు. కంటి ఎత్తుకు ఎత్తి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి, కొంగు దాకా చూపు పారిస్తాడు. ఒక్క పోగు తప్పినా ఆ చీర అమ్మకానికి పోదు, అమ్మ ఎంత గొణిగినా సరే. నా షీటునూ అలాగే పట్టాడు. ఇది చీర కాదు నాయనా అని నవ్వాను.

“ఈడ పోగు తప్పిండాది, సూడు పాపా,” అన్నాడు.

ఆయన భుజం మీదుగా వంగి చూశాను. గుట్ట అంచు, పచ్చని మచ్చలు, వాగు మలుపు. విడివిడిగా వందసార్లు చూసినవే, అన్నీ ఒకే గీతలో ఉన్నాయి, నేను లేదని రాసిన బీటలాగే. నా గుండె దడదడలాడింది. భయంతో అనుకునేరు, సంబరంతో! షీటును నిటారుగా పెడితే గీత మాయం, వంచితే ప్రత్యక్షం. పదిసార్లు వంచి చూసుకున్నాను. అమ్మ పెట్టిన అన్నం చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆ చోటికి వెళ్లాను. మామిడితోట రైతును బోర్ల సంగతి అడిగితే, సరిగ్గా ఆ గీత వెంబడే చెయ్యి చాపి చూపించాడు.

“ఈ వరసలో యాడ బోరేసినా నీళ్లేమ్మా. కొంచెం పక్కకు పోతే ఉత్త దుమ్ము.”

నీళ్లు అలా వరసకట్టాయంటే కింద రాయి చీలి ఉండాలి. ఆయన కాళ్లకు దండం పెట్టినంత పని చేశాను.

అది ఎప్పటి బీటో, ఇంకా కదులుతుందో తేలాలంటే పెద్ద పరీక్షలు కావాలి. లేదని మాత్రం రాయకూడదు. తిరుగు బస్సులోనే రిపోర్టు తీసి ‘అనుకూలం’ అన్న మాట కొట్టేశాను. నాలుగు నెలల పని నీళ్లపాలైంది, అయినా నవ్వు ఆగదే. నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

“తప్పు దొరికితే అంత సంబరమేంది పాపా? మేమైతే తల పట్టుకుంటాం,” అన్నాడు.

“మీకు నేసినాక దొరుకుతాది. ఇది కేంద్రం కట్టకముందే దొరికింది నాయనా,” అన్నాను.